రాగిరేకు నుంచి ఫోన్ దాకా – పుస్తకం మన గూడేనికి ఎట్ల వచ్చింది?



మొన్న గ్రూపులో డిగ్రీ ఫస్ట్ ఇయర్ తమ్ముడు ఒకడు అడిగినాడు. "లైబ్రరీలో ఆ పుస్తకం లేదంట, కొనేకి డబ్బుల్లేవు, ఫోన్‌లో ఉంటుందంటున్నారు, ఫోన్‌లో యాడ ఉంటుంది?" అని. కింద పదిమంది పది లింకులు పెట్టినారు. సగం తెరుచుకోలేదు. ఒకటి తెరుచుకుంటే లాగిన్ అడిగింది. ఇంకోటి మూడు వేలు కట్టమంది. తమ్ముడు మళ్ళీ మాట్లాడలేదు.

మేము హాస్టల్లో నలుగురం కూర్చుని దీని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. లైబ్రరీ అంటే ఏంది, అందులో పుస్తకం ఎట్ల అడగాలి, ఈ-బుక్ అంటే ఏంది అని ఇంట్లో చెప్పేవాళ్ళు మాకు ఎవరూ లేరు. అందుకే లింకులు కాకుండా, అసలు ఈ దారి ఎట్ల పడింది, ఎవరు వేసినారు, ఏ గేటు దగ్గర ఎందుకు ఆపుతున్నారు అనేది మొదటి నుంచి రాద్దామనుకున్నాం. పోస్టు పెద్దదే. తీరిగ్గా చదవండి.

గోడ, రాగిరేకు

మన శ్రీశైలం నుంచే మొదలుపెడదాం. 2020, 2021 సంవత్సరాల్లో గుడి దగ్గర ఘంటామఠం పాత కట్టడాన్ని బాగు చేస్తుంటే రాగిరేకులు, పాత నాణేలు బయటపడినాయి. పేపర్లలో అందరం చూసినాం. శాసనాలు చదివేవాళ్ళు వచ్చి చదివితే గాని ఆ రేకుల మీద ఏముందో ఊర్లో ఎవరికీ తెలీదు. ఎవరికి ఏ భూమి ఇచ్చినారు, ఏ మఠానికి ఏ హక్కు అనే సంగతులు అట్లాంటి రేకుల మీదే చెక్కి దాచేవాళ్ళు. అవి వందల ఏళ్ళు గోడలో ఉండిపోయినాయి.

అదే గుడికి ప్రాకారం గోడ ఉంది. విజయనగర కాలంది. గోడ నిండా బొమ్మలే. ఏనుగులు, గుర్రాలు, వేటలు, శివుని కథలు. మా అవ్వకు ఒక్క అక్షరం రాదు, కానీ గోడ వెంబడి నడుస్తూ కథంతా చెప్పేస్తుంది. మల్లన్న మన చెంచుల ఇంటి అల్లుడు అని, అందుకే ఆయన చెంచు మల్లయ్య అయినాడని ఆమె చెప్పే కథ కూడా అక్కడే మొదలవుతుంది.

ఈ రెండూ రాతలే. రాగిరేకు దాచిపెట్టిన రాత, గోడ నడిచే ప్రతి మనిషీ చూసే రాత. లైబ్రరీల చరిత్ర చదివే కొద్దీ మాకు ఈ రెండే గుర్తుకొచ్చినాయి. ప్రతి కాలంలోనూ ఎవరో కొందరు రేకు మీద ఉన్నదాన్ని గోడ మీదికి తేవాలని చూసినారు. ప్రతి కాలంలోనూ కొంత రేకు మీదే ఉండిపోయింది.

కడప బంగళా

మన సీమలో ఈ పని పెద్ద ఎత్తున చేసిన మొదటివాళ్ళలో ఒకరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టినాడు, 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చినాడు. అప్పటికి తెలుగు పుస్తకమంటే తాటాకు కట్ట. అది ఏ పండితుని ఇంట్లోనో, ఏ మఠంలోనో ఉంటుంది. ఒక కట్ట చెదలు పట్టిందంటే ఆ పుస్తకం లోకంలో లేనట్టే. బ్రౌన్ కడపలో బంగళా, తోట కొని, అక్కడ పండితులకు జీతాలిచ్చి పెట్టినాడు. ఒకే పుస్తకానికి నాలుగైదు ఊర్ల నుంచి ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూసి, తప్పులు దిద్ది, కాగితం మీద శుద్ధప్రతి రాయించేవాళ్ళు. దీనికి సొంత డబ్బు ఖర్చు పెట్టి అప్పుల పాలైనాడు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించినాడు. తర్వాత నిఘంటువు తెచ్చినాడు. ఆయన పోగు చేసిన ప్రతులు మద్రాసు చేరి, అక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో భాగమైనాయి.

ఆ బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పుడు కడపలో బ్రౌన్ పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ళ తరబడి తిరిగి, చందాలు పోగుచేసి కట్టించినారు. తర్వాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. కడప జిల్లా ఊర్ల చరిత్రలు చెప్పే మెకంజీ కైఫియత్తులను అచ్చు పుస్తకాలుగా తెచ్చింది కూడా ఈ కేంద్రమే. కడప పక్క కాలేజీలో చదివే మిత్రులు ఒకసారి పోయి చూడండి.

ఈ మెకంజీ 1794లో మన శ్రీశైలం కొండ ఎక్కినాడు. కావలి సోదరులు, ఇంకా ఎందరో తెలుగు పండితులు ఆయన కోసం ఊరూరా తిరిగి కైఫియత్తులు రాయించినారు. శ్రీశైలం గుడి గురించి ఆయన రాసింది 1798లో కలకత్తా 'ఏషియాటిక్ రీసెర్చెస్' సంపుటంలో అచ్చయింది. మన కొండ మీద మన గుడి గురించిన రాత, కలకత్తాలో, ఇంగ్లీషులో. దాన్ని మన గూడెంలో చదివినవాళ్ళు ఎవరూ ఉండరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుకు మళ్ళీ వస్తుంది.

పడవ మన కొండ ఎక్కలేదు

అచ్చు వచ్చినాక పుస్తకం చవకైంది గాని, అందరి చేతికి రాలేదు. చేతికి తెచ్చింది గ్రంథాలయోద్యమం. అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఇంకా చాలామంది కలిసి బెజవాడలో రామమోహన గ్రంథాలయం నడిపినారు. 1914 ఏప్రిల్ 10న అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయాల మహాసభ జరిగి, గ్రంథాలయ సంఘం పుట్టింది. ఊర్లలో రచ్చబండ మీద, సత్రం అరుగు మీద లైబ్రరీలు పెట్టినారు. చదువు రానివాళ్ళకు సాయంత్రం పేపర్ చదివి వినిపించేవాళ్ళు. మన కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఈ ఉద్యమానికీ, వయోజన విద్యకూ జీవితమంతా ఇచ్చినారు. తెల్లదొరల మీద రాసినందుకు 1908లోనే జైలుకు పోయిన మనిషి ఆయన.

1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపినారు. పడవ ఊరి రేవుకు వస్తుంది, జనం పుస్తకం తీసుకుంటారు, మళ్ళీ వచ్చినప్పుడు ఇచ్చేస్తారు. ఇది చదివినప్పుడు మాకు భలే సంతోషమేసింది, కొంచెం కడుపు మండింది కూడా. అదే కృష్ణ మన పాతాళగంగ దగ్గర కొండల సందున పారుతుంది. మన దగ్గర రేవు లేదు, కాలువ లేదు. పడవ డెల్టాలో తిరిగింది, మన కొండ ఎక్కలేదు. తర్వాత డ్యామ్ కట్టినారు. నీళ్ళు దూరం ఊర్లకు పోయినాయి, కరెంటు ఇంకా దూరం పోయింది. కొన్ని పెంటల్లో మాత్రం చాలాకాలం దీపం కూడా లేదు.

1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి కింద శాఖా గ్రంథాలయాలు దీని వల్ల వచ్చినవే. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్ కింద పోతుంది. అంటే మన మండలంలో ఇంటి పన్ను కట్టే ప్రతి ఇల్లూ లైబ్రరీకి డబ్బు కడుతున్నట్టే. లైబ్రరీకి పోయి పుస్తకం అడగడం దయ అడగడం కాదు. ఇది మాకు ఇరవై ఏళ్ళకు తెలిసింది.

చిత్తూరు కుర్రోడు, పదిలక్షల పుస్తకాలు

ఇప్పుడు ఫోన్ దగ్గరికి వద్దాం. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో రైతు ఇంట్లో ఒక పిల్లోడు పుట్టినాడు. వాళ్ళింట్లో కాలేజీకి పోయిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు గిండీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా పోయి, కంప్యూటర్ మనిషి మాట అర్థం చేసుకునేట్టు చేసే పరిశోధన చేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్నాడు. కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటిది అది. ఆయన పేరు రాజ్ రెడ్డి. మేము ఇది చదివి హాస్టల్ గోడ మీద పేరు రాసుకున్నాం. మనలాగే ఇంట్లో మొదటోడు కదా.

రాజ్ రెడ్డి గారూ, ఇంకొందరూ కలిసి 2000 తర్వాత మొదలుపెట్టిందే పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు. ప్రపంచంలోని పుస్తకాలను స్కాన్ చేసి ఎవరైనా ఉచితంగా చదివేట్టు పెట్టాలని. అమెరికా, చైనా, ఇండియా, ఈజిప్టు చేతులు కలిపినాయి. 2007 నాటికి పదిహేను లక్షల పైచిలుకు పుస్తకాలు, ఇరవైకి పైగా భాషల్లో స్కాన్ అయినాయి. మన దేశంలో ఈ పని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో జరిగింది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటివి నడిపించినాయి. హైదరాబాద్ లైబ్రరీల బీరువాల్లో దుమ్ము పట్టిన వేల తెలుగు పుస్తకాలు, పాత పత్రికలు అట్ల కంప్యూటర్లోకి ఎక్కినాయి. కడప బంగళాలో పండితులు చేసిందీ, స్కానింగ్ సెంటర్లో పిల్లోళ్ళు పేజీ పేజీ తిప్పుతూ చేసిందీ ఒకటే పని. కట్ట చెడిపోయే లోపల ఇంకో ప్రతి చేయడం.

కానీ బ్రౌన్ పండితులు తప్పులు దిద్దినారు, ఇక్కడ అంత తీరిక లేకపోయింది. తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎట్ల పడితే అట్ల ఎక్కించినారు. అందుకే మీరు పేరు సరిగ్గా కొట్టినా పుస్తకం రాదు. నాలుగు రకాల స్పెల్లింగులు కొట్టి చూడాలి. ఇంకోటి, స్కాన్ అంటే పేజీ ఫోటో మాత్రమే. ఫోటోలో ఉన్న తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ చదవాలంటే వేరే పని కావాలి. ఆ పని తెలుగుకు ఆలస్యంగా వచ్చింది. తెలుగు వికీసోర్స్‌లో కొందరు జీతం లేకుండా పాత పుస్తకాలను ఒక్కో పేజీ దిద్ది ఎక్కిస్తున్నారు.

2017 నాటికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతబడింది. కాపీరైట్ గొడవలు కారణం. అప్పటికే చాలా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి పెట్టినారు కాబట్టి అవి ఇంకా దొరుకుతున్నాయి. సర్కారు సైటు పోయి, పక్కోడు దాచిన కాపీ మిగిలింది.

గేటు ఎందుకు ఉంది

తమ్ముని లింకుల్లో సగం ఎందుకు తెరుచుకోలేదో ఇప్పుడు చెప్పుకుందాం. డిజిటల్ పుస్తకాలు మూడు రకాలు.

మొదటి రకం, హక్కుల గడువు తీరినవి. మన దేశ చట్టం ప్రకారం రచయిత బతికినంత కాలం, చనిపోయినాక ఇంకో 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. ఆ తర్వాత ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, నెట్‌లో పెట్టుకోవచ్చు.

రెండో రకం, రాసినవాళ్ళే అందరికీ వదిలేసినవి. ఇగ్నో పాఠాలన్నీ ఈజ్ఞానకోశ్‌లో ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉన్నాయి. పీజీ పాఠాలకు ఈ-పీజీ పాఠశాల ఉంది. పీహెచ్‌డీ థీసిస్‌లకు శోధ్‌గంగ ఉంది. వీటికి లాగిన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

మూడో రకం దగ్గరే గేటు ఉంది. కాగితం పుస్తకాన్ని లైబ్రరీ ఒకసారి కొంటే అది లైబ్రరీదే. చిరిగిపోయే దాకా వందమందికి ఇవ్వొచ్చు. ఈ-బుక్ అట్ల కాదు. చాలావరకు లైబ్రరీ కొనేది పుస్తకాన్ని కాదు, చదివే అనుమతిని. ఎన్నేళ్ళు, ఒకేసారి ఎంతమంది, ఎవరు అనేది పబ్లిషర్ ఒప్పందంలో రాసి ఉంటుంది. గడువు తీరితే పుస్తకం మాయం. ఒకరు చదువుతుంటే రెండోవాళ్ళు ఆగాలి అనే ఒప్పందాలు కూడా ఉన్నాయి. కంప్యూటర్‌కు ఆ అవసరం లేదు, వ్యాపారానికి ఉంది.

ఈ గొడవ ప్రపంచమంతా ఉంది. అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ తన దగ్గరున్న కాగితం పుస్తకాలను స్కాన్ చేసి, లైబ్రరీ మాదిరి గడువు పెట్టి అప్పిచ్చేది. నాలుగు పెద్ద పబ్లిషర్లు 2020లో కేసు వేసినారు. 2023లో కోర్టు పబ్లిషర్ల వైపే చెప్పింది, 2024లో అప్పీలు కూడా పోయింది. దాదాపు ఐదు లక్షల పుస్తకాలు అప్పు లెక్కలోంచి తీసేసినారు. మన దేశంలో ఇంకోలా జరిగింది. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపు మీద విదేశీ పబ్లిషర్లు కేసు వేస్తే, పాఠం కోసం పుస్తకాల్లోని భాగాలు జిరాక్స్ తీసుకోవడం చదువులో భాగమే, తప్పు కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. జిరాక్స్ కాగితాలతోనే పరీక్షలు రాసే మనలాంటోళ్ళకు ఆ తీర్పు విలువ తెలుసు.

సరే, మూడో రకం మనకు ఎట్ల దొరుకుతుంది? కాలేజీ ద్వారా. గాంధీనగర్‌లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ అని యూజీసీ వాళ్ళ సంస్థ ఉంది. వాళ్ళ ఎన్-లిస్ట్ పథకంలో కాలేజీ ఏడాదికి కొద్ది వేల రూపాయలు కట్టి చేరితే, ఆ కాలేజీ పిల్లలందరికీ లక్షకు పైగా ఈ-బుక్స్ చదివే లాగిన్ వస్తుంది. హాస్టల్లో నుంచి, ఊర్లో నుంచి, ఎక్కడి నుంచైనా చదవొచ్చు. మాకు ఈ సంగతి సెకండ్ ఇయర్ దాకా తెలీదు. కాలేజీ చేరి ఉందా అంటే ఉంది. ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. లైబ్రేరియన్ సార్ దగ్గరికి పోయి నిలబడితే పది నిమిషాల్లో పని అయిపోయింది. "ఇన్నేళ్ళలో అడిగినోళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు" అన్నాడు సార్.

దీని తర్వాత వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది. 2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది, 2025 జనవరి 1 నుంచి మొదలైంది. మూడేళ్ళకు 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్ళు. ఇది జర్నళ్ళకే గాని పాఠ్యపుస్తకాలకు కాదు. ప్రభుత్వ కాలేజీలకు, యూనివర్సిటీలకే. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సీటు దొరికిన మన అక్కచెల్లెళ్ళు ఈ గేటు బయటే ఉన్నారు.

ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. 2018 జూన్ 19న జాతికి అంకితం చేసినారు. ఎవరైనా ఉచితంగా చేరొచ్చు. ఒకటి మాత్రం తెలుసుకోండి. అది చాలావరకు పుస్తకాల గోడౌన్ కాదు, ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే పెద్ద పట్టిక. దాంట్లో పేరు కనబడి నొక్కితే వేరే సైటుకు పోతుంది. అక్కడ గేటు ఉంటే ఆగాల్సిందే. మన తమ్ముడు ఆగింది బహుశా అక్కడే.

మన గురించి రాసినవి

ఇక అసలు సంగతి. లాగిన్ వచ్చిన రోజు మేమందరం సిలబస్ పుస్తకం వెతకలేదు. మొదట కొట్టిన మాట "చెంచు". మీరూ అదే కొడతారు.

ఏమొచ్చింది? 1846లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కెప్టెన్ న్యూబోల్డ్ రాసిన వ్యాసం. పేరులోనే మనల్ని అడవి మనుషుల జాతి అన్నాడు. 1909లో థర్‌స్టన్, రంగాచారి తెచ్చిన దక్షిణాది కులాల, తెగల ఏడు సంపుటాలు. రెండో సంపుటంలో మనమున్నాం. థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి లెక్కలు రాసే మనిషి. ఇవన్నీ ఉచితం, ఒక్క రూపాయి అక్కర్లేదు. ఎందుకంటే రాసినవాళ్ళు చనిపోయి చాలా కాలమైంది.

1943లో ఒక పుస్తకం వచ్చింది. ఆస్ట్రియా మనిషి క్రిస్టఫ్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రాసిన 'ది చెంచూస్'. రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఆయన పాస్‌పోర్టు చూసి శత్రుదేశం వాడన్నారు. నైజాం రాజ్యం దాటి పోయేకి లేదు. ఆ రోజుల్లో భార్య బెట్టీతో కలిసి కృష్ణ అవతలి ఒడ్డున అమ్రాబాద్ పీఠభూమిలో చెంచు పెంటల్లో ఉండి రాసినాడు. అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం గాని, మన చుట్టాలే. లోపాలు లేవని కాదు, కానీ మన మనుషుల పక్కన కూర్చుని, చూసి, అడిగి రాసిన పుస్తకం అది. అదే 1943లో తెలుగు సినిమా 'చెంచులక్ష్మి' కూడా వచ్చింది. బయటోళ్ళకు చెంచులంటే ఆ సినిమానే తెలిసింది, ఈ పుస్తకం తెలీలేదు.

ఆయన 1995లో చనిపోయినాడు. మామూలు లెక్కన 60 ఏళ్ళు వేస్తే 2055 చివరి దాకా హక్కులుంటాయి. అప్పటికి మాకు యాభై దాటుతుంది. అంటే మన తలలు కొలిచిన పుస్తకం ఇవాళ ఉచితం, మనతో కూర్చుని రాసిన పుస్తకానికి మనం ముసలోళ్ళయ్యే దాకా గేటు. తప్పు ఎవరిదీ కాదు, చట్టం లెక్క అది. కానీ నెట్‌లో ఏది సులభంగా దొరుకుతుందో అదే నిజమని లోకం అనుకుంటుంది. ఎవరైనా మన గురించి ప్రాజెక్టు రాయాలంటే మొదట చేతికొచ్చేది థర్‌స్టనే. ఇది మనం పట్టించుకోవాల్సిన సంగతి.

హైమెన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు, సినిమా రీళ్ళు లండన్ యూనివర్సిటీలోని సోయాస్ దగ్గరున్నాయి. ఫోటోలను స్కాన్ చేసి నెట్‌లో పెట్టినారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు కొన్ని ఫోటోలు డౌన్‌లోడ్ చేసుకుని పోయినాం. మా గూడెంలో సిగ్నల్ రాదు కదా. పొయ్యి దగ్గర కూర్చుని అవ్వకు చూపించినాం. చేతిలో గడ్డలు తవ్వే కర్ర పట్టుకున్న ఒకామె ఫోటో. కింద ఇంగ్లీషులో రెండు ముక్కలే ఉన్నాయి. అవ్వ ఫోన్ కళ్ళ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. కర్ర ఏ చెట్టుది, మొనకు ఇనుము ఎవరి దగ్గర కొట్టించేవాళ్ళు, ఏ కాలంలో ఏ గడ్డకు పోతారు, బుట్ట ఎందుకు ఎడమ పక్క కట్టుకుంటారు, అన్నీ చెప్పింది. అక్కడి నుంచి తేనె మాటకు పోయింది. కొండ అంచు నుంచి తాడు మీద దిగేవాని తాడు ఎవరంటే వాళ్ళు పట్టరు, బావమరిదే పట్టుకోవాలంట. ఎందుకంటే చెల్లెలు ముండమోయడం అన్నకు ఇష్టముండదు కదా అని నవ్వింది.

చివరికి అడిగింది. "ఈమె పేరేంది?"

పేరు రాసి లేదు. ఫోటో తీసిన దొర పేరుంది, పెట్టె నంబరుంది, లండన్ పేరుంది. ఆమె పేరు లేదు. అవ్వ ఫోన్ తిరిగి ఇచ్చేసి పొయ్యిలో కట్టెలు ఎగదోసింది.

శోధ్‌గంగలో కూడా "చెంచు" అని కొట్టి చూడండి. మన గూడేలకు వచ్చి, ప్రశ్నలడిగి, కాగితాలు నింపుకుని పోయి డాక్టరేట్లు తీసుకున్నవాళ్ళ థీసిస్‌లు ఉన్నాయి. మన తాతలు, నాయనలు పని మానుకుని జవాబులు చెప్పినారు. ఆ పుస్తకం మళ్ళీ గూడేనికి రాలేదు. ఇప్పుడు మొదటిసారి మనమే తెరిచి చదవొచ్చు. తప్పులుంటే చెప్పొచ్చు. ఈ-బుక్ వల్ల మనకు జరిగిన పెద్ద మేలు ఇదేనని మేము అనుకుంటున్నాం.

మనం చేయగలిగేవి

ఉత్త మాటలతో ఆపకుండా నాలుగు పనులు అనుకున్నాం.

ఒకటి. సోమవారం మీ కాలేజీ లైబ్రేరియన్ దగ్గరికి పోయి "ఎన్-లిస్ట్ లాగిన్ కావాలి సార్" అని అడగండి. లేదంటే కాలేజీని చేర్చమని అందరూ సంతకాలు పెట్టి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. ఒక్కరు అడిగితే మర్చిపోతారు, ముప్పై మంది అడిగితే మర్చిపోరు.

రెండు. డౌన్‌లోడ్ చేసుకోనిచ్చే పుస్తకాలు హాస్టల్లో సిగ్నల్ ఉన్నప్పుడు దించుకుని ఊరికి పట్టుకుపోండి. కైవిక్స్ అని ఉచిత యాప్ ఉంది. దాంట్లో తెలుగు వికీపీడియా మొత్తం ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకుండా చదవొచ్చు. 2020లో ఆన్‌లైన్ క్లాసులంటే సిగ్నల్ కోసం గుట్టలెక్కినోళ్ళం మనం. గూడెం బడిలో ఒక చిన్న కంప్యూటర్‌లో ఇవన్నీ నింపి వైఫై పెడితే, బయట నెట్ లేకపోయినా పిల్లలు ఫోన్లలో చదువుకోవచ్చు. ఐటీడీఏ పీఓ గారికి ఇచ్చే వినతిపత్రంలో దీన్ని రాయాలని మా కోరిక. పడవ లైబ్రరీ మన కొండ ఎక్కలేదన్నాం కదా, ఇది ఎక్కుతుంది.

మూడు. మన గురించిన పుస్తకాలు, థీసిస్‌లు, ఫోటోలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక పట్టిక తయారు చేద్దాం. పేరు, ఏడాది, ఉచితమా, లాగిన్ కావాలా, ఏ స్పెల్లింగ్ కొడితే వస్తుంది. ఇంగ్లీషు బాగా వచ్చిన అన్నలు ఒక్కో పుస్తకంలో ఏముందో తెలుగులో రెండు పేజీలు సొంత మాటల్లో రాయండి.

నాలుగు. ఇది అన్నిటికంటే ముఖ్యం. శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియంలో మన విల్లంబులు, బుట్టలు ఉన్నాయి. వాటిని వాడినవాళ్ళ గొంతులు ఎక్కడా లేవు. మన ఫోన్లో రికార్డర్ ఉంది. ఈసారి సెలవులకు పోయినప్పుడు మీ ఇంట్లో పెద్దోళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటేనే, అరగంట రికార్డు చేయండి. మందు చెట్ల గుట్టు లాంటివి వాళ్ళు బయటికి వద్దంటే వద్దు. మొదట మాత్రం వాళ్ళ నోటితోనే పేరు, గూడెం పేరు చెప్పించండి.

మేము మొన్న మొదలుపెట్టినాం. అవ్వ ముందు సిగ్గుపడింది. తర్వాత గొంతు సవరించుకుని తన పేరు, తన అమ్మ పేరు, పుట్టిన పెంట పేరు చెప్పింది. ఆ పెంట ఇప్పుడు లేదు. నలభై రెండు నిమిషాలు వచ్చింది. ఆమెను అడిగి, ఒప్పుకుంటే గ్రూపులో పెడతాం.

తప్పులుంటే పెద్దోళ్ళు కామెంట్లో దిద్దండి. మొన్న అడిగిన తమ్ముడూ, నీకు కావాల్సిన పుస్తకం ఇగ్నో పాఠాల్లో దాదాపు అంతా ఉంది, రాత్రికి ఫోన్ చెయ్, పక్కన కూర్చున్నట్టు ఒక్కో మెట్టూ చెప్తాం.

జోహార్.